ఒక్క అక్షరము – పెక్కు అర్థములు

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమవారికి గోదావరి పేరు నిత్యపరిచితము. అందలి ‘గో’ యనగా ఆవని మన మెరుగుదుము. అమరకోశము దానికి స్వర్గము, బాణము, వాక్కు, వజ్రము, దిక్కు, నేత్రము, కిరణము, భూమి, జలము అను అర్థములను గూడ చెప్పినది. గోహత్యాదోషము బాపుకొనుటకు గౌతముడు తెచ్చిన నది యని పురాణగాథ. జలము నిచ్చునది యని పండితుల వ్యుత్పత్తి.

జపాను భాషలో ‘హ’ యనిన పన్ను, ఆకు, కత్తివాదర. వ్రాతలో లిపి భేదము చూపును; రేడియోలో లిపి కానరాదు. టోకియో పలుకుబడిలో ‘హ’ హెచ్చుస్థాయిలో పలికి తరువాతి ప్రత్యయమును తగ్గించిన పన్ను. తగ్గించి పలికి ప్రత్యయమును హెచ్చించిన ఆకు. పన్నునకును కత్తివాదరకును స్వర మొక్కటే. అచట సందర్భమే శరణ్యము. మనకును అంతే: గోపాలుడు ఆలకాపరియో, భూపాలుడో వాక్యము ముగియువరకు వినిననే తెలియును.