వారాల చదువు నుంచి వేసవి కొలువు వరకు

మెదకు పట్టణానికి సమీపాన కుల్చారమనే గ్రామమున్నది. పండితులు దీనినే కోలాచలమని వ్యవహరిస్తారు. కాళిదాస, భారవి, మాఘ, శ్రీహర్షుల కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి ఇంటిపేరు ఈ ఊరి నుంచి వచ్చినదేనని ప్రసిద్ధి. దేశంలో ఏ మూలనున్న విద్యార్థియైనా రఘువంశంలో అడుగుపెట్టవలెనంటే ఈ తెలుగువాని చేయి పట్టుకొనే పెట్టవలసి ఉన్నది. విద్యకు ఎల్లలు లేవనడానికి ఇంతకన్న నిదర్శనమెందుకు?

అయితే విద్యకు ఎల్లలు లేకపోయినా విద్యార్థికి ఆకలి ఉన్నది. పూర్వం గురువును వెదకుకొంటూ ఊరు విడిచిన బాలుడు వారాలు చేసుకొని చదువుకొన్నాడు. సోమవారమొక ఇంట, మంగళవారమొక ఇంట భోజనం. రాత్రి అరుగుమీద నిద్ర. అందులో చిన్నతనమున్నదని ఎవరూ భావించలేదు. అన్నం పెట్టిన తల్లికి నీళ్లు తోడి ఇచ్చుట, గురువుగారి గోవును మేపుట చదువులో భాగములే. నేడు సముద్రాలు దాటి వెళ్లే విద్యార్థి వేసవి సెలవులలో చేసే కొలువు ఆ వారాలకు వారసురాలే.

ఈ పరంపరలో తెలుగువారు మరువరాని మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన ఈయన మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో ప్రవేశించినాడు. చేతిలో ధనం స్వల్పం. అందుచేత బోస్టను నగరంలోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పరిచారకుడుగా చేరినాడు. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచుట ఆ కొలువులోని పని. స్వదేశంలో వైద్యుడనిపించుకొన్నవాడు పరదేశంలో ఆ పాత్రలు కడిగినాడు! పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి. 1925లో ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. నేటికీ శాస్త్రజ్ఞులు దానిని వారిరువురి పేరుతోనే పిలుస్తారు. తరువాత కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాల పరిశోధన. 1940 నుంచి లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం మొదలైన ఔషధాల కృషి. ఆ చేతులు కడిగిన పాత్రలను లోకం మరచినది. ఆ చేతులు అందించిన మందులను మరువలేదు.

సుబ్బారావు కన్నుమూసిన 1948వ సంవత్సరంలోనే లండనులోని ఇంపీరియల్ కళాశాలలో ఒక అంతర్జాతీయ సంఘం వెలిసినది. దాని పేరు ఐయేస్టే. యుద్ధంతో ఛిన్నాభిన్నమైన ఐరోపా దేశాల యువకులు సెలవులలో ఒకరి దేశంలో మరొకరు పనిచేసి, పనితోబాటు ఒకరినొకరు ఎరుగవలెనని దాని సంకల్పం. దాని పద్ధతి మన పల్లెల బదలు కూలి వంటిది. ఒక దేశం ఇంతమంది పరదేశి విద్యార్థులకు తన కర్మాగారాలలో, ప్రయోగశాలలలో చోటిస్తే, దానికి ప్రతిగా తన విద్యార్థులకు ఇతర దేశాలలో చోటు లభిస్తుంది. తిండికీ వసతికీ సరిపోయే భత్యం యజమాని ఇస్తాడు, దారిఖర్చు విద్యార్థిది. ఇటీవలి కాలంలో జర్మనీ, కెనడా దేశాల సంస్థలు కూడా భారతీయ విద్యార్థులను రెండు మూడు నెలలపాటు పరిశోధనకు ఆహ్వానిస్తున్నవి.

ఇక పూర్తి చదువుకై వెళ్లినవారి సంగతి వేరు. వీరిలో అనేకులు పొలమో ఇల్లో కుదువపెట్టి, బ్యాంకు ఋణంతో విమానమెక్కుతారు. అమెరికాలో ఎఫ్-1 అనుమతిపై చదివేవారు చదువు జరిగే రోజులలో విద్యాలయ ప్రాంగణంలోనే వారానికి ఇరవై గంటలకు మించకుండా పనిచేయవచ్చును. సెలవులలో అక్కడనే పూర్తికాలం చేయవచ్చును. ప్రాంగణం వెలుపల పనికి ప్రత్యేకానుమతి ఉండితీరవలెను. ఋణభారం తరుముతుండగా కొందరు రహస్యంగా పెట్రోలు బంకులలో, భోజనశాలలలో కుదురుకొంటారు. పట్టుబడినచో విద్యార్థిగా నిలిచే అర్హతే పోవును. చదువు మధ్యలో ఆగిపోవును. ఊరిలో ఋణం మాత్రం నిలిచియుండును. గిన్నెలు కడుగుట అవమానం కాదు. దొంగచాటుగా కడుగవలసి వచ్చుటే అపాయం. సుబ్బారావు చేసిన పని ఎంత చిన్నదైనా తల ఎత్తుకొని చేసినాడు.

"అందరూ చేస్తున్నారు, ఏమీ కాదు" అని చెప్పే మిత్రులకు, దళారులకు కొదువ లేదు. ఇక్కడనే కుల్చారం మరల స్మరణకు వస్తుంది. ఆధారం లేనిది వ్రాయనని, అవసరం లేనిది చెప్పనని మల్లినాథుడు తన వ్యాఖ్యకు నియమం విధించుకొన్నాడు. శ్లోకార్థం చెప్పవలసి వచ్చినప్పుడు వినికిడిని నమ్మక వ్యాకరణాన్ని, కోశాన్ని చూచినాడు. విదేశానికి వెళ్లే విద్యార్థికి సైతం ఇదే శరణ్యం. అనుమతిపత్రంలోని ప్రతి వాక్యాన్నీ స్వయంగా చదువవలెను. సందేహం కలిగితే విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూచే అధికారినే అడుగవలెను. ఉపాధ్యాయులు పాఠశాలలోనే ఈ మూలం చూచే అలవాటును నేర్పగలిగితే, అంతకు మించిన దారిబత్తెం వేరొకటి ఉండదు.