గదిలోని ఏరియల్ – దిక్కు తెలిసిన రేడియో

రామకుప్పమునకు పడమట బెంగుళూరు, తూర్పున చెన్నై, ఉత్తరమున కడప. మూడు దిక్కుల మూడు భాషల కేంద్రములు. వీనిలో తెలుగు పలుకునది దూరమున నున్నది. దగ్గర నున్నది కన్నడము. ఇట్టి సరిహద్దు గ్రామమున గదిలోని ఏరియల్‌తో ఏది అందును, ఏది అందదు అను విషయమును శ్రోతలకు విశదపరుప నెంచితిమి.

ముందు టెలివిజన్ మాట. మద్రాసులో 1975లోను, హైదరాబాదులో 1977లోను, బెంగుళూరులో 1981లోను దూరదర్శన్ కేంద్రములు వెలసినవి. టెలివిజన్ తరంగములు మిక్కిలి పొట్టివి. ఇంచుమించు చూపు సాగినంత మేరకే సాగును. భూమి గుండ్రనిది గనుక 150 మీటర్ల స్తంభము నుండి బయలుదేరిన తరంగము సుమారు 50 కిలోమీటర్లకు నేల నంటును. మన ఏరియల్ 4 మీటర్ల ఎత్తున నున్నచో మరి 8 కిలోమీటర్లు కలిసివచ్చును. రామకుప్పమునకు బెంగుళూరు సూటిగా కొలిచినను సుమారు 100 కిలోమీటర్లు. నడుమ కోలారు సీమ గుట్టలు. ఇక గదిలో ఎంత ఖరీదైన ఏరియల్ నిలిపినను ఫలమేమి? బూస్టరు తగిలించినచో అది బొమ్మతోపాటు రొదను కూడ పెంచును. దూరదర్శన్ వారి పాత పద్ధతి ప్రసార స్తంభములు సైతము 2022 నాటికి దాదాపు అన్నియు మూతపడినవి. కావున బొమ్మ కావలసినవారు 2004లో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ వంటిదానిని, ఆగ్నేయ దిక్కున ఆకాశము తెరపిగా కనబడు చోట, ఆరుబయట అమర్చుకొనుటయే మేలు.

రేడియో సంగతి వేరు. 1963లో ప్రారంభమైన కడప కేంద్రమునకు కేటాయించిన మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్. అనగా తరంగము పొడవు 333 మీటర్లు. ఇంత పొడవైన తరంగము నేలను అంటిపెట్టుకొని, గుట్టలను దాటి, గదిలోనికి వచ్చును. దానిని పట్టునది పైకి లాగెడి తళతళలాడు కడ్డీ కాదు, అది ఎఫ్.ఎం.కును, షార్ట్ వేవ్‌కును మాత్రమే. మీడియం వేవ్‌కు పెట్టె లోపల తీగ చుట్టిన నల్లని ఫెర్రైట్ కడ్డీ కలదు. దానికి రెండు ప్రక్కల నుండి వచ్చునది చక్కగా వినబడును. కొనల వైపు నుండి వచ్చునది వినబడదు.

సాధారణముగా ఈ కడ్డీ సెట్టు పొడవునకు సమముగా నుండును. రామకుప్పమున సెట్టును తూర్పు పడమరలుగా నిలిపినచో ఉత్తరమున నున్న కడప దాని ప్రక్కకు వచ్చును. బెంగుళూరు, చెన్నై రెండును కొనల వైపునకు పోవును. ఊరి ఉనికియే మనకు చేసిన మేలిది!

సరియైన దిక్కు కనుగొనుటకు ఒక ఉపాయము కలదు. బాగుగా వినబడు చోటును వెదకుటకంటె వినబడని చోటును వెదకుట తేలిక. కడపను పట్టి, సెట్టును మెల్లగా త్రిప్పుచు, ధ్వని సన్నగిల్లిన చోట ఆపి, అక్కడినుండి పావు చుట్టు త్రిప్పవలెను.

అప్పటికిని రొద తగ్గనిచో దోషము సాధారణముగా ఇంటిలోనిదే. ఎల్.ఇ.డి. దీపములను, సెల్‌ఫోను ఛార్జరులను ఒక్కొక్కటిగా ఆర్పి చూడవలెను. సెట్టును కరెంటు తీగలకు, రేకుల కప్పునకు దూరముగా కిటికీ చెంతకు జరిపి, బ్యాటరీలతో నడిపి చూడవలెను.

ఈ పరీక్ష పగటిపూటనే చేయదగినది. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆకాశపు పై పొరలనుండి మరలి వచ్చు తరంగములు నేల తరంగములతో కలిసి, ధ్వని హెచ్చుచు తగ్గుచు నుండును. దూరపు కేంద్రములును చొరబడును. అది సెట్టు లోపము కాదు.

పగలు కుదిరిన దిక్కును సుద్దతో బల్లపై గీసి యుంచుకొన్నచో, ఇల్లు తుడుచునపుడు సెట్టును కదిపినను, సాయంకాలపు తెలుగు వార్తలకు మరల తడుముకొన నక్కరలేదు.