మీకు తెలుసా? ముంగురుల మీద కత్తెర పడే ముందు

సాధన నుదురు

మన దేశంలో ఒక నటి పేరే కటింగ్ పేరుగా నిలిచిపోయింది. అమ్మమ్మల తరంలో ‘సాధనా కట్’ తెలియని ఆడపిల్ల అరుదు. 1960లో విడుదలైన హిందీ చిత్రం ‘లవ్ ఇన్ సిమ్లా’ దానికి పుట్టిల్లు. దర్శకుడు ఆర్.కె. నయ్యర్‌కు అది తొలి సినిమా. కథానాయిక సాధనది విశాలమైన నుదురు, కెమెరాలో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపించేది. ఏం చేయాలా అని ఆలోచిస్తున్న నయ్యర్‌కు హాలీవుడ్ తార ఆడ్రీ హెప్‌బర్న్ గుర్తొచ్చింది. ఆమెకు ఉన్నట్టే సాధనకూ ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి వదిలారు. సినిమా ఆడింది, కటింగ్ అంతకన్నా ఎక్కువ కాలం ఆడింది. 1966లో సాధన, నయ్యర్ పెళ్లి చేసుకున్నారు.

అదే 1960లో బిమల్ రాయ్ ‘పరఖ్’ కూడా వచ్చింది. అందులో సాధన పల్లెటూరి పిల్ల, ముంగురుల హంగు లేని సాదా ముస్తాబు. ఈ రెండు సినిమాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. నుదురు దాగితే చూపు తిన్నగా కళ్ల మీదికి వెళ్తుంది, నుదురు కనిపిస్తే ముఖం మొత్తం కనిపిస్తుంది. రెండూ అందమే, పని మాత్రం వేరు.

ఆ కట్ ఒక నుదుటి కొలత చూసి పుట్టిందన్న సంగతి మనం మరిచిపోతాం. అద్దం ముందు నిలబడి మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఇప్పుడు ట్రెండ్ ఏంటి’ అన్నది కానే కాదు, ‘నా ముఖంలో దేన్ని తగ్గించాలి, దేన్ని పెంచాలి’ అన్నది. ఎత్తయిన నుదురున్నవాళ్లకు కనుబొమల దాకా నిండుగా దిగే బ్యాంగ్స్ బాగా నప్పుతాయి. నుదురు చిన్నదైతే అదే నిండు కట్ ముఖాన్ని ఇంకా కురచ చేస్తుంది. వాళ్లు మధ్య పాపిట తీసి రెండు చెంపల మీదికి జారవిడిచే కర్టెన్ బ్యాంగ్స్ వైపు చూడటం మేలు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఫ్రేమ్ పెట్టుకునే కత్తిరించుకోవాలి. వెంట్రుకల కొసలు ఫ్రేమ్ పైఅంచును తాకుతుంటే రోజంతా చిరాకే.

క్లియోపాత్రాకు లేవు

నల్లటి ముంగురులు నుదుటి మీద గీత గీసినట్టు దిగిన క్లియోపాత్రా మన కళ్లలో ఉండిపోయింది. అది సినిమా చేసిన పని. 1934లో క్లాడెట్ కోల్‌బర్ట్, 1963లో ఎలిజబెత్ టేలర్ ఆ వేషం కట్టారు. ఆ రాణి బతికుండగా ముద్రించిన నాణేలపై మాత్రం జుట్టు పాయలు పాయలుగా వెనక్కి దువ్వి, మెడ దగ్గర ముడి వేసి ఉంటుంది.

ఆమెను ఓడించిన ఆక్టేవియన్, అంటే తర్వాతి అగస్టస్ చక్రవర్తి, ఇందుకు పూర్తిగా వేరు. రోమ్ దగ్గర ప్రిమా పోర్టాలో 1863లో దొరికిన ఆయన విగ్రహం చూడండి, నుదుటి మీద పాయలు చీలి పంగలా విడిపోతాయి. ముక్కు విరిగినా, పేరు చెరిగినా, ఒక విగ్రహం అగస్టస్‌దా కాదా అని తేల్చడానికి పండితులు ముందుగా చూసే గుర్తుల్లో ఆ పాయల అమరిక ఒకటి.

సుడి మాట వినాలి

రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మన పెద్దవాళ్లు నవ్వుతూ అంటుంటారు. పెళ్లిళ్ల సంగతి ఎలా ఉన్నా, బ్యాంగ్స్ విషయంలో సుడిదే తుది తీర్పు. వెంట్రుక కుదుళ్లన్నీ తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి, ఏ వెంట్రుక ఏ వాలున మొలవాలో కూడా అప్పుడే ఖాయమవుతుంది. ఏ నూనె రాసినా ఏ షాంపూ వాడినా ఆ వాలు మారదు.

నడినెత్తి మీద సుడి ఉంటే బాధ లేదు. నుదుటి అంచులో ఉంటే ముంగురులు అక్కడ చీలి, ఒక పాయ నిక్కబొడుచుకుని నిలబడుతుంది. తలస్నానం చేశాక ఏమీ రాయకుండా, దువ్వకుండా జుట్టును దానంతట అదే ఆరనివ్వండి. నుదుటి దగ్గర ఏ పాయ ఎటు తిరుగుతోందో తెలిసిపోతుంది. సుడి గట్టిగా ఉంటే నిండు కట్ వద్దనే చెబుతాను. సుడి తిరిగిన వైపే పక్కకు వాలేలా కత్తిరించుకుంటే రోజూ దానితో పోరాడే పని ఉండదు.

వెంట్రుకతో వాతావరణం కొలిచారు

జెనీవాకు చెందిన శాస్త్రవేత్త హొరేస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ గాలిలో తేమ కొలవడానికి మనిషి వెంట్రుకనే వాడాడు. 1783లో దాని మీద పుస్తకం కూడా వేశాడు. తేమ పెరిగితే వెంట్రుక కాస్త పొడవవుతుంది, గాలి పొడిబారితే కురచవుతుంది. పూర్తిగా పొడిగాలి నుంచి పూర్తి తేమ దాకా తేడా రెండు శాతం పైచిలుకు మాత్రమే. ఆ కొంచెం కదలికే ముల్లును తిప్పడానికి చాలు. తర్వాత చాలా కాలం వాతావరణ కేంద్రాల్లో ఈ వెంట్రుక పరికరాలు పనిచేశాయి.

విశాఖలోనో కాకినాడలోనో ఉక్కపోత రోజున ఇంట్లో నున్నగా దువ్వుకున్న ముంగురులు వీధి చివరికి వెళ్లేసరికి ఎందుకు వంకర్లు పోతాయో ఇప్పుడు తెలిసిందిగా. వెంట్రుకలోని కెరటిన్ పోగులను చిన్న చిన్న హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. నీరు తగిలితే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ ముడిపడతాయి. బ్యాంగ్స్ నిర్వహణలో సగం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

అందుకే తలస్నానం అయ్యాక మొట్టమొదట ఆరబెట్టాల్సింది ముందు జుట్టునే. టవల్ చుట్టుకుని కాఫీ తాగి వచ్చేలోపు అవి తమకు తోచిన వంపులో ఆరిపోతాయి, ఆ తర్వాత ఎంత దువ్వినా మాట వినవు. డ్రయర్ మూతి పై నుంచి కిందికి చూడాలి. దువ్వెనతో ముంగురులను ఒకసారి పూర్తిగా కుడికి, ఒకసారి పూర్తిగా ఎడమకు లాగుతూ ఆరబెడితే సుడి పట్టు సడలి, నిటారుగా కిందికి దిగుతాయి. అవి వంకరగా ఆరిపోయి ఉంటే వేడి పెట్టే ముందు కొద్దిగా నీళ్లు చిలకరించి మళ్లీ మొదటి నుంచి ఆరబెట్టండి.

తడి మీద స్ట్రెయిటెనర్ మాత్రం వద్దే వద్దు. వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై లోపలే బుడగలు కడుతుంది, వెంట్రుక అక్కడే తెగుతుంది. ‘సుయ్’మని శబ్దం వస్తే జరుగుతున్నది అదే.

కొరియా అమ్మాయిలు వేడి జోలికి పోకుండా, ముంగురులకు ఒక లావు ప్లాస్టిక్ రోలర్ చుట్టుకుని మెట్రో రైలెక్కుతారు. దిగే ముందు తీసేస్తారు, దానికి మొహమాటపడరు. 2017 మార్చి 10న దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షురాలు పార్క్ గున్ హే పదవిపై తీర్పు చెప్పాల్సి ఉంది. ఆ ఉదయం తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి లీ జంగ్ మీ జుట్టులో రోలర్లు తీయడం మరిచిపోయి అలాగే కోర్టు మెట్లెక్కారు. పనిలో అంతగా మునిగిపోయిన మనిషికి గుర్తుగా ఆ ఫొటోను దేశమంతా గౌరవంగా చూసింది.

మూడు వారాల లెక్క

తల వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, కొందరికి ఇంకాస్త ఎక్కువ. నడుము దాకా జడ ఉన్నవాళ్లు ఆ సెంటీమీటరును పట్టించుకోరు. కనుబొమల దగ్గర ఆగాల్సిన వెంట్రుకకు మాత్రం అదే సెంటీమీటరు కళ్లలో పడేంత దూరం. అంటే మూడు నాలుగు వారాలకోసారి కత్తెర తప్పదు. నిర్ణయానికి ముందు ఈ ఖర్చునూ ఓపికనూ లెక్కేసుకోండి. కొన్ని పార్లర్లు తమ దగ్గర కత్తిరించుకున్నవాళ్లకు మధ్యలో ముంగురుల ట్రిమ్మింగ్ తక్కువకే చేస్తాయి, అడగడంలో తప్పు లేదు.

మొదటిసారి కటింగ్ పార్లర్‌లోనే చేయించుకోండి. మధ్యలో సరిచేయడం మాత్రం ఇంట్లో నేర్చుకోదగ్గ పనే. జుట్టు పొడిగా ఉండాలి. తడి వెంట్రుక తెగకుండా 30 శాతం దాకా సాగగలదు. సాగదీసి పట్టి కనుబొమల దగ్గర కత్తిరిస్తే ఆరాక నుదుటి మధ్యకు ఎగిరి కూర్చుంటుంది. ఉంగరాల జుట్టుకైతే ఈ ఎగురుడు మరీ ఎక్కువ, వాళ్లు ఆరిన ఉంగరాన్ని ఉన్న చోటే పట్టి కొస మాత్రం తీయాలి. కత్తెరను అడ్డంగా పెట్టి ఒక్క గీతలో కోయకండి. నిలువుగా పట్టి కొసలను కొద్దికొద్దిగా కొరకాలి, అనుకున్న చోటికి అంగుళం కింద మొదలెట్టాలి.

ఎంత వెనక నుంచి పాయ తీయాలన్న సందేహం చాలామందికి ఉంటుంది. దువ్వెనను నుదుటి అంచు నుంచి మాడు మీద బల్లపరుపుగా ఆనించండి. తల వంపు మొదలై దువ్వెన ఎక్కడ గాలిలోకి లేస్తుందో అక్కడితో ఆపాలి. వెడల్పు కనుబొమల చివర్లు దాటకూడదు. కణతల దగ్గరి వెంట్రుకలు సన్నవి, వాటిని కలుపుకుంటే బ్యాంగ్స్ పలచగా, పీచులా కనిపిస్తాయి.

జిడ్డు, నూనె, హెల్మెట్

చర్మంలో నూనె గ్రంథులు అత్యంత దట్టంగా ఉండేవి మాడు మీద, ముఖం మీద. ముంగురులు ఆ రెంటికీ మధ్య చిక్కుకున్నాయి. మిగతా జుట్టు మూడు రోజులు శుభ్రంగా ఉన్నా ఇవి మర్నాటికే జిడ్డోడుతాయి. దానికోసం రోజూ తలంటుకోనక్కర్లేదు. మిగతా జుట్టు వెనక్కి కట్టేసి, వాష్‌బేసిన్ దగ్గర ముంగురులకు మాత్రం ఒక చుక్క షాంపూ రుద్ది కడిగేస్తే రెండు నిమిషాల పని. పిండి పదార్థంతో చేసే డ్రై షాంపూలు నూనెను పీల్చుకుంటాయి, హడావిడి రోజున అవీ అక్కరకొస్తాయి.

కొబ్బరినూనె అలవాటు మానక్కర్లేదు, కానీ ముందు భాగాన్ని వదిలి వెనక నుంచి రాయండి. జుట్టుకు రాసే నూనెలు, క్రీములు నుదుటికి దిగి చర్మరంధ్రాలు మూసుకుపోవడం వల్ల వచ్చే మొటిమలకు చర్మవైద్యులు పొమేడ్ ఆక్నే అని పేరే పెట్టారు. రాత్రి ముంగురులను పైకి పిన్ను పెట్టి పడుకుంటే నుదురు ఊపిరి పీల్చుకుంటుంది. మొటిమలు ఇప్పటికే ఎక్కువగా ఉంటే అవి తగ్గేదాకా కటింగ్ వాయిదా వేయమంటాను. దాచడానికని బ్యాంగ్స్ వేసుకుంటే మొటిమలు ఇంకా పెరుగుతాయి.

స్కూటీ నడిపే అమ్మాయిలకు హెల్మెట్ సమస్య ఉంటుంది. ముంగురులను వెనక్కి తిప్పి ఒక మెత్తని క్లిప్పు పెట్టి హెల్మెట్ పెట్టుకోండి, దిగాక విప్పండి. హెల్మెట్ లోపలి అస్తరును తరచూ ఉతకండి.

బాసికం ఎక్కడ కట్టాలి?

మన పెళ్లిలో వధువు నుదుటికి పని ఎక్కువ. పాపిట బిళ్ల, సూర్యుడు చంద్రుడు, కల్యాణ తిలకం, ఆ పైన బాసికం. నిండు బ్యాంగ్స్ ఉంటే వీటిలో ఏదీ కుదురుగా కూర్చోదు, బాసికం దారం కింద వెంట్రుకలు నలిగి చెమటకు అతుక్కుంటాయి. ముహూర్తం ఆరు నెలల్లో ఉందనుకుంటే నిండు కట్ జోలికి వెళ్లకండి, పక్కకు తిప్పి పిన్ను పెట్టగలిగేంత పొడవుంచి కర్టెన్‌లా కత్తిరించుకోండి. మనసాగకపోతే సవరం లాగే ముంగురులకూ క్లిప్పుతో పెట్టుకునేవి దొరుకుతున్నాయి. మీ జుట్టు రంగుకు దగ్గరగా ఉన్నది తెచ్చుకుని వారం పాటు ఇంట్లో, ఆఫీసులో, ఎండలో పెట్టుకు తిరగండి. ఫొటో దిగి చూసుకోవడం కన్నా ఆ వారమే ఎక్కువ చెబుతుంది.

అడగకుండా వచ్చే ముంగురులు

తిరుమలలో గుండు వద్దనుకున్న స్త్రీలు మూడు కత్తెర్లు ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. పూర్తిగా తలనీలాలు ఇచ్చినవాళ్లకు ఐదారు నెలలు గడిచేసరికి ముందు జుట్టు కనుబొమలను అందుకుంటుంది. బ్యాంగ్స్ తమకు నప్పుతాయో లేదో కత్తెర పట్టకుండా తేల్చుకునే సమయం అది.

బాలింతలకూ ఇలాంటి దశ ఒకటి వస్తుంది. కాన్పయిన రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మామూలే. గర్భంతో ఉండగా రాలకుండా ఆగిన వెంట్రుకలు అప్పుడు ఒకేసారి రాలతాయి. తర్వాత నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు మొలిచి నిలబడతాయి. వాటిని చూసి కంగారుపడి కత్తిరించేయకండి, అవి కొత్త జుట్టు. ఆ సమయంలో పక్కకు వాలే తేలికపాటి బ్యాంగ్స్ తీసుకుంటే ఆ పొట్టి వెంట్రుకలు వాటిలో కలిసిపోతాయి.

వద్దనుకుంటే

కనుబొమల దగ్గరున్న వెంట్రుక చెవి వెనక్కి దోపుకునేంత పెరగడానికి ఆరేడు నెలలు, గడ్డం దాకా రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. మొదటి రెండు నెలలే కష్టం. కళ్లలో గుచ్చుకుంటున్నాయని చిరాకుపడి మళ్లీ కత్తిరించేది అప్పుడే. పాపిటను మధ్య నుంచి పక్కకు మార్చి, ముందు పాయలను మెలితిప్పి చెవి పైన స్లైడు పిన్నుతో బిగించండి. గట్టిగా లాగి కట్టకండి, నుదుటి అంచున కుదుళ్లు దెబ్బతిని జుట్టు పలచబడుతుంది. ముక్కు దాకా పెరిగాక పార్లర్‌కు వెళ్లి, మధ్యలో పొట్టిగా చెంపల వైపు పొడవుగా దిగేలా వాలు తీయించుకుంటే అవి కర్టెన్ బ్యాంగ్స్ అవుతాయి, ఆ తర్వాతి నెలలు సులువుగా గడుస్తాయి.