బ్రేకు మంచిగుంటెనే మైలేజీ: పాత కారు చేయించెటోళ్లతోని నాలుగు ముచ్చట్లు

మా అచ్చంపేట దిక్కు ఇప్పటికీ ఇండ్ల ముందట పాత అంబాసిడర్లు, మారుతి 800లు కనవడుతయి. నాయినలు కొన్న బండిని పోరగాండ్లు మళ్ల చేయిస్తున్నరు. మంచిదే. గని షెడ్డుకు పోంగనె అలాయ్ వీల్సు, సౌండ్ బాక్సులు, రంగు అంటున్నరు. జెర మెకానిక్ తెలివి ఉన్నోడు "ఎంత మైలేజీ ఇస్తది?" అని అడుగుతడు. "ఎంతల ఆగుతది?" అని అడిగెటోడే లేడు. నా మాట ఒక్కటే. పాత బండిల ప్రాణం కాపాడే పని, పెట్రోల్ మిగిలిచ్చే పని చానా మటుకు ఒక్కటే పని.

అంబాసిడర్ తయారీ 2014ల బందైంది. మారుతి 800 సుత అదే ఏడు బందైంది. అంటె మీ దగ్గరున్న బండి ఎంత కొత్తదైనా పదేండ్లు దాటింది. ఇంజన్ నడుస్తనే ఉంటది, రబ్బరు మాత్రం ఎండి పగులుతది. బ్రేకు పైపులు, వాషర్లు, టైర్లు అన్నీ రబ్బరే గదా.

మనకు ఇది ఎందుకు ముఖ్యమంటె, మన్ననూరు దాటితే అడవి, మలుపులు. దోమలపెంట, ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యాం దిక్కు దిగెటప్పుడు అంతా దిగుడే. అక్కడ పెట్రోల్ మిగులుతదని కొందరు న్యూట్రల్ చేస్తరు, ఇంకొందరు ఇంజనే బంద్ చేస్తరు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. గేరుల ఉంటె ఇంజనే బండిని పట్టి ఆపుతది. న్యూట్రల్ చేస్తె బరువంతా బ్రేకు మీదనే పడ్తది. బూస్టర్ ఉన్న బండిల ఇంజన్ బంద్ చేస్తె ఒకటి రెండు తొక్కులకే పెడల్ గట్టిపడ్తది. ఇంకో ముచ్చట: ఇంజెక్షన్ బండ్లల్ల గేరుల ఉంచి ఎక్సలేటర్ ఇడిస్తె పెట్రోల్ పోసుడు దానంతటదే ఆగుతది. న్యూట్రల్‌ల అయితె ఇంజన్ నడవనీకి తాగుతనే ఉంటది. ఇగ మిగిలిందేంది?

బ్రేక్ ఆయిల్ సంగతి చూడుండ్రి. అది గాలిల ఉన్న తేమను గుంజుకుంటది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాక మరగొద్దని లెక్క. నీళ్లు చేరినంక 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితె పైపుల ఆవిరి నిండుతది, పెడల్ తొక్కితె మెత్తగ కిందికి పోతది. అందుకే రెండేండ్లకోసారి మార్పియ్యాలె. దాంతోనే లైనర్లు, సిలిండర్ వాషర్లు, రబ్బరు పైపులు చూపియ్యాలె. పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండె. తర్వాత మోడళ్లల్ల ముందట డిస్కులు వచ్చినయి. మార్పిచ్చేదుంటె ఆ కంపెనీ సామానే ఎక్కియ్యాలె, తెలిసిన మెకానిక్ చేతనే.

ఇగ మైలేజీ యాడ పోతున్నదో చూద్దాం. సాపు రోడ్డు మీద బ్రేకు ఎక్కువ తొక్కకుంట అయిదారు కిలోమీటర్లు నడిపి దిగుండ్రి. ముట్టకుంట చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడుండ్రి. ఒక్క చక్రం దగ్గర సెగ ఎక్కువ కొడితె, అక్కడ బ్రేకు పట్టుకుంటున్నట్టు, లేకుంటె బేరింగ్ పోయినట్టు. అది ఇంజన్‌ను ఎనుకకు గుంజుతది, పెట్రోల్ తాగుతది. టైర్ల గాలి తక్కువున్నా గంతే. పైంగ టైరు వేడెక్కి పగులుతది. టైరు మీద నాలుగు అంకెలుంటయి: 2319 అంటె 2019ల 23వ వారం తయారైంది. పట్టీలు మంచిగ కనవడ్డా, ఆరేండ్లు దాటితె పగుళ్లు చూపియ్యాలె.

ఇప్పుడు బంకులల్ల వచ్చే పెట్రోల్‌ల 20 శాతం దాక ఎథనాల్ ఉంటది. దాంట్ల పెట్రోల్ కంటె శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతది. పాత రబ్బరును సుత అది తింటది. ట్యాంకి నుంచి కార్బురేటర్ దాక పైపులన్నీ ఎథనాల్‌కు ఓర్చేటియి ఎయ్యాలె. పెట్రోల్ కారితె అగ్గి ముప్పు. కార్బురేటర్ కడిగిచ్చుడు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్సుడు తక్కువ ఖర్చుతోనే అయితయి. పైన క్యారియర్ ఉత్తగ ఉంటె తీసేయుండ్రి, గాలికి అడ్డం.

బెల్టు లేని బండికి మూడు పాయింట్ల బెల్టు పెట్టియ్యాలె. ఉత్త రేకుకు స్క్రూ కొడితె గుద్దుకున్నప్పుడు ఊడొస్తది. ఎనుక నుంచి మందం ప్లేట్ ఏసి, బోల్టుతోని బిగియ్యాలె. లైట్లు మసకగుంటె ఎక్కువ వాట్ల బల్బు ఎయ్యకుండ్రి, వైరు కాలుతది. రిలే పెట్టి కొత్త వైరింగ్ చేపిస్తె అదే బల్బు మస్తు ఎలుగుతది.

చట్టం సంగతి సుత తెలువాలె. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన లెక్కకు భిన్నంగ బండిని మార్చొద్దు. 2019ల సుప్రీంకోర్టు సుత ఇదే చెప్పింది. ఇంజన్ మార్చుడు, గ్యాస్ కిట్ ఎక్కిచ్చుడు ఉంటె ముందుగాల్నే ఆర్టీఓ ఆఫీసుల అడగాలె. సొంత బండికి 15 ఏండ్లు నిండితె ఫిట్‌నెస్ చూపిచ్చి అయిదేండ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేపియ్యాలె.

జేబుల పైసలు తక్కువున్నా వరుస తప్పకుండ్రి: ముందుగాల బ్రేకు, టైర్లు. ఆ ఎనుక బెల్టు, లైట్లు. తర్వాత పెట్రోల్ పైపులు, కార్బురేటర్. రంగు, సౌండ్ బాక్సు ఆఖరుకు. బండి ఎంత పాతదైనా, దాంట్ల కూసునేది మనింటోళ్లే.