ఏటినీటి రాత్రి రహస్యం

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో క్లార్క్ ఫోర్క్ అనే నది ప్రవహిస్తున్నది. ఒకనాటి మధ్యాహ్నం దాని ఎగువభాగంలో ఒక సీసాడు నీరు పట్టి పరీక్షించారనుకుందాం. కరిగి ఉన్న జింకు కొద్దిగానే కనిపిస్తుంది. అదే చోట తెల్లవారుజామున మరొక సీసా నింపితే, జింకు రెండు మూడు రెట్లు ఉండవచ్చు. ఈలోగా నదిలో ఎవరూ ఏమీ కలపలేదు. మరి ఆ లోహం ఎక్కడినుండి వచ్చింది?

లోహం నదికి కొత్త కాదు. ఎగువన బ్యూట్ రాగి గనులూ, అనకొండలో రాగిని కరిగించే కర్మాగారమూ ఉండేవి. 1908లో వచ్చిన పెనువరద గనుల వ్యర్థాలను తీరం పొడవునా పరచిపోయింది. 1980లో కర్మాగారం మూతపడిన తరువాత కూడా ఆ మట్టినుండి జింకు, రాగి, పాషాణం నీటిలోకి ఊరుతూ వచ్చాయి. అయితే రాత్రివేళ జింకు పెరగడమే వింత. మోంటానా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు బ్రిక్, మూర్ ఈ సంగతిని 1996లో ప్రకటించారు.

రహస్యం రాళ్ళమీది నాచులో ఉంది. పగలు నాచు సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటూ నీటిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. నీటిలో ఆమ్లగుణం తగ్గుతుంది. అప్పుడు రాళ్ళమీది పాకుడుకూ, ఇనుము, మాంగనీసుల పూతకూ ఋణావేశం హెచ్చి, ధనావేశంగల జింకును పట్టి ఉంచుతాయి. చీకటి పడగానే నాచు శ్వాసక్రియ వల్ల ఆ వాయువు తిరిగి నీటిలో చేరుతుంది. పట్టు సడలుతుంది, జింకు మళ్ళీ ప్రవాహంలో కలుస్తుంది.

పాషాణం నడత ఇందుకు విరుద్ధం. నీటిలో అది సాధారణంగా ఋణావేశంతో ఉంటుంది. కనుక మోంటానాలోని పలు ఏరుల్లో అది సాయంకాలానికి హెచ్చి, వేకువకు తగ్గుతుంది.

ఇది కేవలం వినోదం కాదు. జింకు మితిమీరితే చేపల మొప్పలను దెబ్బతీసి, వాటికి కాల్షియం అందకుండా చేస్తుంది. నీటిని పరీక్షించే ఉద్యోగులు సాధారణంగా పగటివేళనే గట్టుకు వస్తారు. వారు నిశ్చింతగా వెళ్ళిపోయిన రాత్రే చేపకు గండం. నిరుడు ఉదయమూ, ఈ ఏడు సాయంత్రమూ నీరు పడితే, నది బాగుపడకపోయినా బాగుపడినట్లే లెక్క తేలుతుంది! పోనీ, వేకువనే పడదామంటే పాషాణం తక్కువగా కనిపించి మోసగిస్తుంది.

కనుక సీసామీద స్థలం, తేదీ వ్రాస్తే చాలదు. గంట కూడా వ్రాయాలి. నిజం తెలియాలంటే ఏటి ఒడ్డున ఒక పగలూ, ఒక రాత్రీ గడపక తప్పదు.