అద్భుత కథలకు ప్రేక్షకులు దూరమగుటేల?



నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు పల్లెలలో రచ్చబండకడ తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "మా చిన్ననాడు మాయలు, మంత్రములు గల చిత్రము వచ్చినచో పొరుగూరికైనను నడచిపోయి చూచెడివారము. నేటి పిల్లలకు ఆ రుచి లేదు" అని. ఇట్టి మాటయే దూరదేశములలోను వినబడుచున్నది. అక్కడ విజ్ఞానశాస్త్రము నాధారముగా గొని కల్పించిన చిత్రములు, మాలలో పూలవలె ఒకదాని వెనుక నొకటిగా, ముప్పది నలువది యేండ్లు నడచును. తొలుత విరుగబడి చూచిన జనమే తుదకు మొగము చాటువేయును. అభిరుచి చెడినదని ప్రేక్షకుని నిందించుట సులభము. కాని లోపము ప్రేక్షకునిదా, కథదా యన్న విషయమును నేడు మీతో విచారింప దలచితిని.

మన ఆలంకారికులు నవరసములలో అద్భుతము నొకటిగా లెక్కించిరి. దానికి స్థాయిభావము విస్మయము. మునుపెన్నడు చూడనిదానిని చూచినపుడు మనస్సు విప్పారుటయే విస్మయము. ఈ లక్షణమునందే దాని బలమును, బలహీనతయు గూడ ఉన్నవి. చంద్రమతి పుత్రశోకము నెన్నిమారులు విన్నను కన్ను చెమర్చును. ఆకాశమున నెగురు మంచమును రెండవమారు చూచునప్పటికి తొలినాటి యాశ్చర్యములో సగమైనను మిగులదు. కావున అద్భుతము పందిరి కావలసిన తీగ వంటిది. ప్రేమయో, భయమో, కరుణయో ఆధారము దొరికిననే అది పైకి ప్రాకును.

దీనికి దృష్టాంతము మన తెలుగు జానపద చిత్రములందే కలదు. 1951వ సంవత్సరమున విజయా వారు 'పాతాళభైరవి'ని వెలువరించిరి. దర్శకులు కె. వి. రెడ్డి గారు, ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లే గారు. అందు తోటరాముని వేషము ధరించిన నందమూరి తారక రామారావు గారి పేరే 2022 నుండి మన మెట్టప్రాంతమున్న జిల్లాకు పేరైనది. ఆ కథలో కోరినదెల్ల నిచ్చు విగ్రహ మొకటి యున్నది. కాని ప్రేక్షకుని మనస్సు నిలిచినది విగ్రహముపైన గాదు. తోటమాలి కొడుకు రాకుమారిని వలచినాడు. ఐశ్వర్యవంతుడవై రమ్మని రాజు నిబంధన పెట్టినాడు. ఆ యాశతో వాడు నమ్మి వెంటబోయిన మాంత్రికుడు వానినే బలియీయ నెంచినాడు. ఎస్. వి. రంగారావు గారి మాంత్రికుని జూచి పిల్లలు జడిసినది గడ్డమునకు గాదు, రాముని ప్రాణము నిజముగా పోవునేమో యను శంకకు. మాయ యంతయు ఆ శంకకు పరిచారిక వలె మెలగినది.

పిమ్మట జానపద చిత్రములు వెల్లువగా వచ్చినవి. హైదరాబాదు బాటలో మనకు పొరుగుననే యున్న కోదాడ సమీపమున గుడిబండ గ్రామమున జన్మించిన కాంతారావు గారు 1953 నాటి 'ప్రతిజ్ఞ'తో నాయకులై, కత్తియుద్ధములకు పెట్టినది పేరైరి. దర్శకులు బి. విఠలాచార్య గారు 1963లో 'బందిపోటు', 1965లో 'జ్వాలాద్వీప రహస్యము', 1970లో 'లక్ష్మీకటాక్షము', 1978లో 'జగన్మోహిని' యిట్లు పరంపరగా తీసి జానపద బ్రహ్మ యనిపించుకొనిరి. ఆనాటి ఇంద్రజాలము మిక్కిలి సులువైన యుక్తులపై నడచినది. ఛాయాగ్రాహక యంత్రము నొక క్షణ మాపి, వస్తువును తొలగించి, మరల నడిపినచో తెరపై ఆ వస్తువు మాయమైనట్లు తోచును. ఒకే ఫిలిముపై రెండుమారులు చిత్రించినచో ఒక్క నటుడే యిద్దరై కనబడును. స్వల్పవ్యయముతో అంతటి వింత చూపుట గొప్ప నేర్పే యని నేను భావింతును.

అయితే ఆ బాటను పట్టి వచ్చిన చిత్రములు పెక్కింటిలో మాయ పెరిగినది, శంక తరిగినది. అదే రాకుమారుడు, అదే గుహ, అదే చిలుకలో దాగిన ప్రాణము. నాయకునికి దెబ్బ తగిలినను నొప్పి లేదు. పోగొట్టుకొనవలసిన దేదియు లేదు. గెలుపు ముందే నిశ్చయమని చూచువానికి తెలిసిపోయినది. వెల చెల్లింపక వచ్చిన ఫలమునకు విలువ యెక్కడిది? రంగుల చిత్రముల వ్యయము పెరుగుట, ఇంటింట టెలివిజను చేరుట మొదలైన కారణములును గలవు. కాని అవియే ముఖ్యకారణములైనచో, 1994లో సింగీతము శ్రీనివాసరావు గారి 'భైరవద్వీపము' జనాదరణ నెట్లు పొందెను? అందును మాంత్రికుడు, ద్వీపము, రాకుమారి, అన్నియు పాతవే. కాని నాయకుడు నడుమ కురూపియై కుములును. వానికి పోగొట్టుకొనునది యున్నది; కావున చూచువానికి జాలియు నున్నది.

ఇక దూరదేశపు చిత్రముల సంగతి. అమెరికాలో 1984లో జేమ్స్ కామెరాన్ అను దర్శకుడు 'టెర్మినేటర్' అను చిత్రము తీసెను. రాబోవు కాలమున యంత్రములు మానవజాతిని నిర్మూలింప బూనును. మానవులకు నాయకుడు కాబోవు బిడ్డ పుట్టకుండ చేయుటకై, అవి తల్లి కాబోవు యువతిని చంప మనుష్యరూపము గల యంత్రమును గతకాలమునకు పంపును. కంసుని కథ నెరిగిన మనకు ఈ భయము క్రొత్తది కాదు. 1991లో వచ్చిన రెండవ చిత్రమున అట్టి యంత్రమే ఆ బాలుని గాచి, వినాశబీజము మిగులరాదని కరిగిన లోహమున తాను దిగి నశించును. తల్లి కన్నీటికి, బిడ్డ ప్రేమకు ఒక ఫలము సిద్ధించినది. కథ అచ్చట నిండినది.

కాని 2003లో మూడవ చిత్రము వచ్చి, ఆ వినాశము తప్పలేదు, వాయిదా పడిన దంతే యనెను. 2009లో నాలుగవది వచ్చెను. 2015లో ఐదవది జరిగిన కథనే తిరుగవ్రాసెను. 2019లో ఆరవది, ఏ బాలుని కొరకు ఇంత పోరాటము జరిగెనో ఆ బాలుని ఆరంభముననే చంపివైచెను. యంత్రములు మునుపటికంటె వేగముగా పరుగెత్తెను. జనులు మాత్రము రాలేదు, నష్టము వచ్చెను. నేటి గెలుపును రేపటి చిత్రము కొట్టివేయునని యెరిగినవాడు నేడెట్లు కన్నీరు విడుచును? ఒకమారు చెల్లగొట్టిన పత్రముపై మరల బాకీ యడుగు షావుకారు గడపను ఎవడు త్రొక్కును?

నాటకమునకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని యైదవస్థలు మన శాస్త్రకారులు చెప్పిరి. తుదిదగు ఫలాగమము కథకుడు ప్రేక్షకునికి చెల్లించు ఋణము. దాని నీయకున్నను, ఇచ్చి లాగికొన్నను వాడు మరల రాడు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమున నుండిన ఆనందవర్ధనాచార్యులు 'ధ్వన్యాలోకము'న మరియొక హెచ్చరిక చేసిరి. పరిపూర్ణత నొందిన రసమును పదేపదే కదలించుట రసభంగహేతువని, అట్టి రసము చేతులలో నలిగి వాడిన పువ్వు వంటిదని వారి యభిప్రాయము.

"అట్లయిన శ్రీరామనవమికి ఏటేట ఒకే కల్యాణము చూచుటకు జను లేల వత్తురు?" అని మీరడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. చెప్పిన కథనే మరల చెప్పుట వేరు. ముగిసిన కథను విప్పి సాగదీయుట వేరు. ఏటేట రాముడు వింటి నెత్తును, ఏటేట సీత వరించును. ఆ ఫలమును ఏ సంవత్సరమును రద్దుచేయలేదు. కావుననే పాతదైనను అది నిత్యనూతనము.

ఈ న్యాయము మన యూరి రంగస్థలమునకును వర్తించును. రాయబార ఘట్టమున ఒక పద్యమునకు "వన్స్ మోర్" మీద "వన్స్ మోర్", ఒకే రాత్రి ఒక కృష్ణుడు దిగి మరియొక కృష్ణు డెక్కుట మీరెరిగినవే. గాయకుల కంఠమాధుర్యమును నేను కాదనను. కాని రాగము దీర్ఘమైనకొలది, కౌరవసభలో సంధి పొసగునా, యుద్ధము తప్పునా యన్న యాతురత చల్లారును. పిల్లలు లేచిపోవునది అప్పుడే. తిరునాళ్లకు నాటకము కుదుర్చు పెద్దలు ఈ విషయము నాలోచింప వేడుచున్నాను.

2024 జూన్ 27న నాగ్ అశ్విన్ గారి 'కల్కి 2898 ఏడీ' విడుదలైనది. ఒకనాడు ఉత్తర గర్భముపై అస్త్రము ప్రయోగించిన అశ్వత్థామ, అందు ఒక తల్లి గర్భమును కాచుటకు నిలుచును. ఆ భాగముతో కథ ముగియలేదు. ఎగురు రథములు ఎన్ని చూపినను, ఆ వృద్ధుని ప్రాయశ్చిత్తము ఫలించునా యన్నదే ప్రేక్షకుని పట్టి యుంచు ప్రశ్న. ఇట్టి పరంపర ఎన్ని భాగములు సాగినను ఆ ప్రశ్నను మరువకుండుటయే దానికి రక్ష.

కావున మీ మనుమడు ఏదేని చిత్రమును చూచివచ్చి "బాగులేదు, తాతా" యన్నచో, ఈ కాలపు పిల్లలింతే యని కోపింపకుడు. "అందులో ఎవరి కేమగునో యని నీకు భయము కలిగెనా?" అని యడుగుడు. లేదని వాడన్నచో వాని రుచి చెడలేదని గ్రహింపుడు. పిదప దీపము పెట్టువేళ వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, మీరెరిగిన కథ నొకదానిని తుదిదాక చెప్పుడు. "తరువాత?" అని వాడు తప్పక అడుగును.