పాత లారీ - విద్యుత్ సంధులు

వ్యాకరణంలో రెండు స్వరాల కలయికను సంధి అంటారు. యంత్రంలో రెండు లోహాలు కలిసే చోటు కూడా ఒక సంధియే. మొదటిదానిలో పొరపాటు జరిగితే పదం చెడుతుంది. రెండవదానిలో పొరపాటు జరిగితే ప్రయాణం ఆగుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. ఏళ్ళ తరబడి రహదారులపై తిరిగిన లారీ విషయంలో ఈ మాట అక్షరాలా నిజం.

రాత్రివేళ జాతీయ రహదారిపై ఒక లారీ వెనుక దీపాలు వెలగకుండా నిలిచి ఉన్నదనుకుందాం. వెనుక నుండి వేగంగా వచ్చే వాహనచోదకునికి అది చివరి క్షణం దాకా కానరాదు. విచారించి చూస్తే బల్బు మాడి ఉండదు. బ్యాటరీ కూడా బాగానే ఉంటుంది. ఎక్కడో చాసిస్ కింద చిలుము పట్టిన ఒక చిన్న అతుకు ఇంతటి అనర్థానికి మూలమై ఉంటుంది.

లారీలో విద్యుత్తు నడిచే మార్గాన్ని ముందుగా తెలుసుకోవాలి. భారీ లారీలలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు పొందుతారు. కొన్ని పాత లారీలలో 12 వోల్టుల ఏర్పాటే ఉంటుంది. బ్యాటరీ నుండి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజు, స్విచ్చి, తీగల గుండా దీపాన్ని చేరుతుంది. తిరిగి రావడానికి చాలాచోట్ల వేరే తీగ ఉండదు; ఇనుప చాసిసే తిరుగుమార్గం. దీనినే మెకానిక్కులు ఎర్తు అంటారు. కనుక దీపం వెలగాలంటే పోయే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే ముఖ్యం.

కొత్త బండిలో ఈ సంధులన్నీ బిగువుగా, శుభ్రంగా ఉంటాయి. కాలం గడిచేకొద్దీ ఇంజను అదురుకు మరలు వదులవుతాయి. వేడికి తీగల తొడుగు పెళుసుబారుతుంది. వాననీరు, బురద, తడి ఇసుక అతుకులలోకి చేరుతాయి. నౌపడా, చినగంజాం వంటి చోట్ల ఉప్పు ఎగుమతి చేసుకొనే లారీలకూ, కాకినాడ, విశాఖపట్నం రేవులకు తిరిగే లారీలకూ ఈ బెడద మరింత అధికం. ఉప్పు తేమ ఇనుముకు తుప్పును, రాగికి చిలుమును త్వరగా పట్టిస్తుంది. ఈ పొరలు విద్యుత్ ప్రవాహాన్ని అడ్డుకొంటాయి. ఆ అడ్డంకినే నిరోధం అంటారు.

ప్రవాహానికీ, నిరోధానికీ గల సంబంధాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించాడు. స్టార్టర్ మోటారు 200 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటున్నదనీ, ఒక అతుకులో నిరోధం ఓమ్‌లో నూరవ వంతు మాత్రమేననీ అనుకుందాం. ఆ ఒక్కచోటనే 2 వోల్టులు నష్టమవుతాయి. 400 వాట్ల శక్తి వృథాగా వేడిగా మారుతుంది. ఇంజను లేవదు, అతుకు మాత్రం చేయి కాలేంతగా వేడెక్కుతుంది. బ్యాటరీ పాడైందని భ్రమించి యజమాని కొత్తది కొంటాడు. అయినా రోగం తీరదు. దీపాల సంగతీ అంతే. మామూలు ఫిలమెంటు బల్బుకు అందే వోల్టేజి పదోవంతు తగ్గితే, కాంతి సుమారు 30 శాతం తగ్గుతుంది.

ఎర్తు చెడితే కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా వెలుగుతుంది. ఇండికేటరు వేస్తే వెనుక దీపం మిణుకుమంటుంది. తన దారి మూసుకొనిపోగా విద్యుత్తు పక్క దీపం గుండా దారి వెదుక్కోవడమే దీనికి కారణం. ఈ గుర్తు తెలిసిన మెకానిక్కు బల్బులు మార్చడు. ఎర్తు తీగ బిగించిన చోటును గీకి చూస్తాడు.

సంరక్షణకు పెద్ద ఖర్చు అవసరం లేదు. క్రమం తప్పని శ్రద్ధ చాలు. బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు ముందుగా ఎర్తు తీగను తీయాలి. బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. అలా చేయకపోతే పానా చాసిస్‌కు తగిలి నిప్పురవ్వలు లేచే ప్రమాదం ఉంది. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ వాయువు మండే స్వభావం కలది. కనుక దాని దరిదాపుల్లో బీడీగాని, అగ్గిపుల్లగాని వెలిగించరాదు. టెర్మినళ్ళపై పేరుకొన్న పొడిని వంటసోడా కలిపిన నీటితో కడగాలి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు గట్టిగా బిగించి ఉంచాలి. ఆరిన తరువాత లోహం మెరిసేలా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజిలిన్ పూయాలి. ఎర్తు తీగ తగిలే చోట రంగును, తుప్పును గీకివేయాలి. చాసిస్ రంధ్రాల గుండా పోయే తీగలకు రబ్బరు తొడుగు ఉండాలి.

ఇక చేయరాని పనులు కొన్ని ఉన్నాయి. తెగిన తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం ఆనాటికి పని గడుపుతుంది; వేడికి టేపు జిగురు కరిగి అతుకు బయటపడుతుంది. తగిన టెర్మినలు వేసి, పనిముట్టుతో గట్టిగా నొక్కి, పైన తొడుగు వేయడమే సరైన పద్ధతి. కాలిన ఫ్యూజు స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టడం మరీ ప్రమాదం. ఫ్యూజు తాను కాలి బండిని కాపాడుతుంది. ఆ రాగితీగ కాలదు, బండి కాలుతుంది.

దోషం ఎక్కడ ఉన్నదో వోల్టుమీటరు చెబుతుంది. దీపం వెలుగుతుండగా అతుకుకు ఇరువైపులా మీటరు కొనలు ఆనించాలి. ముల్లు కదలకపోతే అతుకు మంచిది. కదిలితే నష్టం అక్కడే జరుగుతున్నదని గ్రహించాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల అనుభవజ్ఞులు చిన్న టెస్టు ల్యాంపుతోనే తీగ వెంట నడచి దోషాన్ని పట్టుకొంటారు.

ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనం ఏటేటా సామర్థ్య పరీక్షకు నిలవాలని నిబంధన చెబుతున్నది. కాని పరీక్ష ఏడాదికొక్క రోజు. ప్రయాణం ప్రతిరాత్రీ ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం వివేకం కాదు. బయలుదేరే ముందు ఒకసారి బండి చుట్టూ తిరిగి, దీపాలన్నీ వేసి చూసుకొనే డ్రైవరు తన బతుకునే కాదు, వెనుక వచ్చే అపరిచితుని బతుకును కూడా కాపాడుతున్నాడు.